వస్త్రములకు కావలి ఉన్న యువకుడు

 ఇంటిపని చేసుకుంటూ వింటున్న తల్లులకు, పొలము నుండి, డ్యూటీ నుండి వచ్చి రేడియో దగ్గర కూర్చున్న సహోదరులకు, ఆసుపత్రి మంచము మీద నుండి వింటున్నవారికి, రోగి పక్కన బల్ల మీద కూర్చుని వింటున్నవారికి ప్రత్యేకముగా నా వందనములు. ఈ వారపు మాటలు మీకోసమే.

అపొస్తలుల కార్యముల గ్రంథము 7వ అధ్యాయము చివరి భాగము తెరవండి. స్తెఫనును పట్టణము వెలుపలికి వెళ్ళగొట్టి రాళ్ళతో కొడుతున్నారు. రాయి బలముగా విసరాలంటే చేయి బాగా ఆడాలి కదా, పైబట్ట అడ్డము వస్తుంది. అందుకని వాళ్ళు తమ పైబట్టలు తీసి ఒక యువకుని పాదముల దగ్గర పెట్టారు. ఆ యువకుని పేరు సౌలు. 58వ వచనములో ఈ సంగతి ఉన్నది. అతడు రాయి ఎత్తినట్లు లేఖనములో ఎక్కడా లేదు. కేకలు వేసినట్లు కూడా లేదు. నిలబడ్డాడు, చూశాడు, బట్టలకు కావలి కాశాడు, అంతే. అయితే 8వ అధ్యాయము మొదటి వచనములో లూకా ఒక్క చిన్న మాట చేర్చుతున్నాడు. ఆ చావు అతనికి ఇష్టమే అయినది.

ఎన్నో సంవత్సరముల తరువాత అదే మనిషి పౌలుగా మారి, యెరూషలేములో కోట మెట్ల మీద నిలబడి తన కథ చెప్పుకుంటున్నప్పుడు ఆ దినమును మరచిపోలేదు. 22వ అధ్యాయము 20వ వచనము చూడండి. "నేను రాయి వేయలేదు కదా" అని ఒక్క మాట కూడా అనడు. తాను దగ్గర నిలిచినది, సమ్మతించినది, బట్టలు కాచినది, మూడూ వరుసగా ఒప్పుకుంటాడు. ప్రియులారా, న్యాయస్థానములో అయితే అతడు సాక్షి మాత్రమే. తన మనస్సాక్షి యెదుట అతడు అంతకంటె ఎక్కువ.

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తానో చెబుతాను. మా సంఘములో చదువుకున్న యువకుడొకడు ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చి ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఏదో ఆసుపత్రి క్యాజువాలిటీ. పదిహేనుమంది తోసుకుంటున్నారు, తెల్లకోటు వేసుకున్న అబ్బాయిని కాలరు పట్టుకుని కొడుతున్నారు, ఒక నర్సమ్మ అడ్డుపడబోయి కింద పడింది. "అయ్యగారూ, చూశారా, బాగా అయింది వీళ్ళకి" అన్నాడు. నేను కోప్పడలేదు. "ఇది ఏ ఊరు బాబూ?" అని అడిగాను. తెలియదన్నాడు. ఏ సంవత్సరము? తెలియదు. రోగికి ఏమి జబ్బు, ఎప్పుడు తీసుకొచ్చారు? అదీ తెలియదు. అయినా అప్పటికే దానిని మూడు గ్రూపులకు పంపేశాడు. ఎఫెసు పట్టణపు నాటకశాల జ్ఞాపకము చేసుకోండి, 19వ అధ్యాయము. రెండు గంటల సేపు గొంతులు చించుకుని అరిచిన ఆ జనములో ఎక్కువమందికి తాము అక్కడ ఎందుకు కూడుకున్నారో తెలియదని లూకా వ్రాశాడు. లూకా వృత్తిరీత్యా వైద్యుడని కొలొస్సయుల పత్రిక చెబుతున్నది. ఈనాటి క్యాజువాలిటీని కూడా ఆయన ఆ కళ్ళతోనే చూసేవాడేమో.

ఇది ఎక్కడో ఒకచోట జరిగే సంగతి కాదు. లోకమంతటా ఆరోగ్య కార్యకర్తలలో 8 నుండి 38 శాతము మంది తమ వృత్తి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు శారీరక దాడికి గురి అవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రోగికి దగ్గరగా ఉండి సేవ చేసేవారికే, అంటే నర్సులకు, క్యాజువాలిటీలో పనిచేసేవారికే ఆ ప్రమాదము ఎక్కువ. దగ్గరగా వచ్చినందుకే దెబ్బ అన్నమాట.

మన హైదరాబాదు గాంధీ ఆసుపత్రి సంగతి చూడండి. 2020 మే 3న సైనిక హెలికాప్టరు వచ్చి ఆ ఆసుపత్రి మీద పూలరేకులు చల్లింది. అందరమూ టీవీలో చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాము. అదే సంవత్సరము జూన్ 9 రాత్రి అదే ఆసుపత్రిలో ఒక కోవిడ్ రోగి చనిపోతే బంధువులు డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరును కొట్టారు. జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద కూర్చున్నారు. పూలకు, దెబ్బలకు మధ్య అయిదు వారాలు. అంతకుముందు మార్చి 22న ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ వారములోనే ఢిల్లీలోను, మన వరంగల్లోను అద్దె ఇళ్ళలో ఉన్న డాక్టర్లను సామాన్లతో సహా ఖాళీ చేయమన్నారు. ఖర్జూరపు మట్టలు పట్టుకున్న జనమునకు, అదే వారములో సిలువ వేయమని కేకలు వేసిన జనమునకు మధ్య ఎన్ని దినములో మట్టల ఆదివారము నాడు లెక్కపెట్టేవారము, ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో ఇండోరులో పరీక్షలు చేయడానికి వెళ్ళిన ఆరోగ్య బృందము మీద రాళ్ళు పడ్డాయి. అంతకుముందు ఆ వీధులలో ఫోన్ల మీద ఏవేవో పుకార్లు తిరిగాయి. రాళ్ళు పడిన వీడియో దేశమంతా తిరిగింది. గాయపడిన ఇద్దరు డాక్టరమ్మలు ఒకటి రెండు దినములలోనే మళ్ళీ డ్యూటీకి వెళ్ళారు. కానీ మనము ఏమి చేశాము? ఆ వీడియోను పట్టుకుని ఒక మతమువారినందరినీ తిట్టాము. దెబ్బలు తిన్న ఇద్దరిలో ఒకరు అదే మతమునకు చెందినవారని చాలామందికి తెలియను కూడా తెలియదు. డాక్టరు మీద జాలి చూపిస్తున్నామని అనుకుంటూ మరొకరి మీద రాయి వేయడము కూడా జరుగుతుంది, జాగ్రత్త.

మదరాసు సంగతి చెప్పకుండా ఉండలేను. 2020 ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఎముకల డాక్టరుగారు చెన్నైలో కోవిడ్‌తో చనిపోతే అంబత్తూరులో దహనమునకు స్థానికులు అడ్డుపడ్డారు. అది జరిగిన వారములోపే సైమన్ హెర్క్యులెస్ గారనే నరాల శస్త్రవైద్యుడు, క్రైస్తవుడు, అదే వ్యాధితో చనిపోయారు. కీల్పాక్ సమాధుల తోటకు తీసుకువెళ్ళబోతే జనము గుమిగూడి వ్యతిరేకించారు. వేలంగాడుకు తీసుకువెళ్తే రాళ్ళతో, కర్రలతో అంబులెన్సు మీద పడ్డారు. అద్దాలు పగిలాయి, డ్రైవర్లకు దెబ్బలు తగిలాయి, భార్యాబిడ్డలు మట్టి వేయకుండానే వెనుకకు వెళ్ళవలసి వచ్చింది. చివరికి ఆయన తోటి డాక్టరు ఒకాయన పోలీసుల కాపలాలో రాత్రివేళ పార పట్టుకుని స్వయముగా పూడ్చారు. పాతిపెట్టిన శవము నుండి రోగము గాలిలోకి వస్తుందన్న పుకారు దీనికంతటికీ మూలము. ఆ పుకారును నోటితో చెప్పినవారు కొందరు, చేతితో పంపినవారు అనేకులు. 

ఇక రెండవ వైపు చూడాలి. చూడకపోతే ఈ ప్రసంగము అబద్ధమవుతుంది.

మార్కు సువార్త 5వ అధ్యాయములో పన్నెండు సంవత్సరములు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ఉన్నది. ఆమె అనేకమంది వైద్యుల చేతిలో తిప్పలు పడిందని, ఉన్నదంతా ఖర్చు చేసుకున్నదని, అయినా ఏమీ బాగుపడక ఇంకా చెడిపోయినదని మార్కు మొహమాటము లేకుండా వ్రాశాడు. ఇదే కథను వైద్యుడైన లూకా 8వ అధ్యాయములో వ్రాసినప్పుడు, ఎవరి వలనా ఆమెకు స్వస్థత కలుగలేదని మెత్తగా చెప్పి ఊరుకున్నాడు. బోధకులము దీనిని చూపించి నవ్వుకుంటూ ఉంటాము, తన వృత్తివారిని కాచుకున్నాడని. కానీ పరిశుద్ధ గ్రంథములో రెండూ ఉన్నాయి, మార్కు చెప్పినదీ ఉన్నది. పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఆసుపత్రికి కట్టిన తల్లి కోపము దేవునికి తెలియనిది కాదు. కాన్పు గదిలో నొప్పులు పడుతున్న ఆడబిడ్డను పట్టుకుని నోటికొచ్చినట్లు తిట్టే సిబ్బంది లేరని నేను చెప్పను. రోగి పరిస్థితి ఏమిటని మూడుసార్లు అడిగితే నాలుగవసారి విసుక్కునేవారు ఉన్నారు. లెక్క అర్థము కాని బిల్లులు ఉన్నాయి.

సినిమా సంగతి రేడియో ప్రసంగములో ఎందుకని పెద్దలు నొచ్చుకోవద్దు. 2003లో ఠాగూర్ అనే సినిమా వచ్చింది. అందులో చనిపోయిన మనిషికి వైద్యము చేస్తున్నట్లు నటించి డబ్బు గుంజే ఆసుపత్రి కనిపిస్తుంది. చూడనివాళ్ళకు కూడా ఆ దృశ్యము తెలుసు. ఇరవై సంవత్సరములు దాటినా, ఏ ఆసుపత్రిలో ఎవరు చనిపోయినా, వీడియో కింద వ్రాసే మొదటి మాట అదే. శవానికి వైద్యము చేశారు! అన్యాయము చేసేవాళ్ళు లేరని కాదు. కానీ ఐసీయూలో పని ఎలా జరుగుతుందో కూడా కొంచెము తెలుసుకోవాలి. వెంటిలేటరు గాలిని లోపలికి నెడుతున్నంత సేపు ఛాతీ లేస్తూ దిగుతూనే ఉంటుంది. మెదడు పూర్తిగా పనిచేయడము మానేసినా కొంతకాలము గుండె కొట్టుకుంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. బయట నిలబడిన కొడుకుకు అది బ్రతుకు లాగే కనిపిస్తుంది. తరువాత చనిపోయారని చెబితే వాడికి మోసము లాగే అనిపిస్తుంది. గుండె ఆగినప్పుడు నిమిషానికి నూరుసార్లకు పైగా, రెండు అంగుళాల లోతుకు రొమ్ము ఎముకను నొక్కాలి. పక్కటెముకలు విరగవచ్చు కూడా. తలుపు సందులో నుండి చూసినవారికి, మా నాన్నను గుద్దుతున్నారని అనిపించడము సహజము. క్యాజువాలిటీలో ఒక్క డాక్టరు, ఆరుగురు రోగులు ఉంటే ఎక్కువ అరిచేవారి దగ్గరకు కాదు, కదలకుండా పడి ఉన్నవారి దగ్గరకు ముందు వెళ్తారు. అరిచేవానికి ఊపిరి ఆడుతున్నది గనుక. ఇదంతా ఎవరూ మనకు ముందుగా చెప్పరు. చెప్పవలసినవారికి తీరిక లేదు, వినవలసినవారికి ఆ సమయములో చెవులు పనిచేయవు.

దుఃఖము ఎవరి మీదనో ఒకరి మీద నేరము మోపాలని చూస్తుంది. బేతనియలో మార్త ప్రభువు ఊరి బయట ఉండగానే ఎదురు వెళ్ళి, నీవు ముందే వచ్చి ఉంటే నా తమ్ముడు బ్రతికేవాడని ముఖము మీదనే అనేసింది. మరియ వచ్చి అదే మాట అన్నది. ప్రభువు వారిని గద్దించలేదు. వారితో పాటు ఏడ్చాడు. అప్పుడే ప్రాణము పోయినవారి ఇంటివాళ్ళ నోటి నుండి వచ్చే మాటను మనము అలాగే వినాలి. కానీ ప్రియులారా, ఇక్కడ ఒక తేడా ఉన్నది. మార్త అన్నది తన దుఃఖము. మంచము మీద పడుకుని, టీ తాగుతూ, తెలియని ఊరి తెలియని డాక్టరును "ఇంకో రెండు తగిలించాల్సింది" అని వ్రాసేవానికి దుఃఖము ఏది? వాడు ఎవరిని పోగొట్టుకున్నాడు?

2024 నవంబరు 13న చెన్నై గిండీలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక క్యాన్సరు డాక్టరుగారిని, అక్కడ చికిత్స పొందిన రోగి కుమారుడు ఆయన ఓపీ గదిలోనే కత్తితో పొడిచాడు. దేవుని దయవలన ఆయన బ్రతికారు. ఆ సాయంత్రము నుండే, ఆ కొడుకు బాధ మాకు అర్థమైనదని, డాక్టర్లకు ఇలాగే బుద్ధి వస్తుందని వ్రాసినవారు ఉన్నారు. కొడుకు బాధ అర్థము చేసుకోవడము మంచిదే. కత్తి మీద చేయి వేసి నిమిరితే అది వేరే సంగతి.

ఇటువంటి మాటలు ఎంత దూరము పోతాయో రాజస్థాన్‌లో చూశాము. దౌసా జిల్లా లాల్‌సోట్‌లో 2022 మార్చి నెలాఖరున కాన్పు తరువాత రక్తస్రావము ఆగక ఒక తల్లి చనిపోయింది. బిడ్డ పుట్టాక గర్భసంచి ముడుచుకోకపోతే నిమిషాలలో రక్తమంతా పోతుంది. లోకమంతటా తల్లుల మరణాలకు ఇదే అన్నిటికంటె పెద్ద కారణము. సరియైన వైద్యము చేసినా ఒక్కోసారి ఆగదు. శవమును ఆసుపత్రి ముందు పెట్టి గొడవ చేశారు, డాక్టరమ్మ మీద హత్య కేసు పెట్టారు. మార్చి 29న ఆమె ఉరివేసుకుని చనిపోయింది. తన వలన పొరపాటు జరగలేదని వ్రాసిపెట్టి పోయింది. డాక్టరు మీద క్రిమినల్ కేసులో ముందుకు వెళ్ళేముందు మరొక వైద్య నిపుణుని అభిప్రాయము తీసుకోవాలని, ఊరికే అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. ఆ మాట ఆమెను కాపాడలేకపోయింది. చనిపోయిన ఆ బాలింత కూడా ఒక ఇంటి ఆడబిడ్డే. ఇద్దరు తల్లులు పోయారు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. నాకు తెలిసిన ఒక సంఘములో స్టాఫ్ నర్సుగా పనిచేసే సహోదరి ఉన్నది. నైట్ డ్యూటీలో ఒక రోగి తాలూకు మనిషి ఆమెను చెంప మీద కొట్టాడు. ఎవరో వీడియో తీశారు. రెండు దినములలో ఆ వీడియో ఆమె సొంత సంఘపు వాట్సాప్ గ్రూపులోకే వచ్చింది. మాస్కు ఉండడము వలన పంపినవారు గుర్తుపట్టలేదు. కింద ఇద్దరు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఒక పెద్దాయన, గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సులంతా ఇంతేనని వ్రాశాడు. ఆమె ఆదివారము గుడికి రాలేదు. పాస్టరమ్మగారు ఇంటికి వెళ్తే, "దెబ్బ ఆ రాత్రికే తగ్గిపోయిందమ్మగారూ, కానీ ఆ అన్నయ్య పక్కన కూర్చుని బల్లలో ఎలా పాలుపొందను?" అన్నదట. ఆ ప్రశ్నకు జవాబు ఆమె చెప్పవలసినది కాదు. ఆ పెద్దాయన చెప్పవలసినది.

జాలితో పంపినా జాగ్రత్త అవసరమే. 2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్జీకర్ ఆసుపత్రిలో పీజీ చదువుతున్న డాక్టరు బిడ్డను, ముప్పై ఆరు గంటల డ్యూటీలో కాస్త విశ్రాంతి తీసుకోవడానికి వెళ్ళిన బిడ్డను, చెరిచి చంపారు. దేశమంతా ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె పేరు, ఆమె ఫొటోలు, చివరికి శవము ఫొటోలు కూడా ఫోన్లలో తిప్పారు. ఆగస్టు 20న సుప్రీంకోర్టు వాటన్నిటినీ తీసివేయమని ఆజ్ఞాపించవలసి వచ్చింది. అత్యాచారమునకు గురైనవారి పేరు, గుర్తులు బయటపెట్టడము చట్టప్రకారము నేరము. నోవహు దిగంబరియై పడి ఉన్నప్పుడు ఇద్దరు కుమారులు వెనుకకు నడిచి వెళ్ళి బట్ట కప్పారు, చూడలేదు. ఆదికాండము 9వ అధ్యాయము. ఫోను చేతిలో ఉన్నవారికి ఆ వెనుకకు నడిచే నడక రావాలి.

చట్టములు లేవని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ఆసుపత్రుల మీద దాడులను అరికట్టే చట్టము చేశారు. మూడు సంవత్సరముల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా. 2020లో అంటువ్యాధుల చట్టమును కేంద్రము సవరించి, తీవ్రముగా గాయపరిస్తే ఏడు సంవత్సరముల వరకు శిక్ష పెట్టింది. నిజముగా అన్యాయము జరిగినవారికి కూడా దారి ఉన్నది. రోగి రికార్డులు కావాలని వ్రాసి ఇస్తే 72 గంటలలో ఇవ్వాలని వైద్యమండలి నియమము. రాష్ట్ర వైద్యమండలికి ఫిర్యాదు చేయవచ్చు. రెండు సంవత్సరములలోపు జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చు, వైద్యము కూడా దాని పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. సంఘములో చదువుకున్నవారు, వకీళ్ళు ఉన్నారు కదా. ఇంటిలో చావు జరిగిన పేదవాని పక్కన కూర్చుని ఆ దరఖాస్తు వ్రాసిపెట్టండి. దానికి వీడియో తీసినంత పేరు రాదు, అది నిజమే.

తోటి సేవకులకు ఒక మాట. ఐసీయూ బయటికి మనలను ప్రార్థనకు పిలుస్తారు. రోగి బాగైతే ఆదివారము సాక్ష్యము చెప్పిస్తాము, దేవునికి మహిమ అంటాము. చనిపోతే డాక్టరు నిర్లక్ష్యమని బంధువులు అంటుంటే తల ఊపుతాము. బాగు చేసినది దేవుడు, చంపినది డాక్టరు, ఇదేమి లెక్క? ఆ వరండాలో బంధువులు పాస్టరుగారి ముఖము వైపు చూస్తారు. ఆ తల ఊపడము ఎక్కడిదాకా పోతుందో మనకు తెలియదు. 1883లో గుంటూరుకు వచ్చి జీవితమంతా తెలుగు తల్లుల కాన్పులకు ధారపోసిన అన్నా కూగ్లర్ అమ్మగారి వంటివారి సేవలో నుండి పెరిగిన సంఘములు మనవి. మిషను ఆసుపత్రి గంట, గుడి గంట ఒకే ఆవరణములో మ్రోగిన ఊళ్ళు మనకు ఎన్నో ఉన్నాయి. ఈనాడు మన కుటుంబాలలో నర్సు లేని కుటుంబము తక్కువ. హైదరాబాదులో, గల్ఫులో, ఇంగ్లండులో మన బిడ్డలే రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. ఈ మాటలు విన్నాక వారిలో ఒకరికి ఫోను చేయండి, డ్యూటీ ఎలా జరుగుతున్నదమ్మా అని అడగండి. ఈ వారములో అటువంటి వీడియో మీ ఫోనుకు వస్తే, ఏ ఊరు, ఎప్పుడు, ఎవరు చూశారు అని పంపినవారిని అడగండి. జవాబు రాకపోతే మీ దగ్గరే ఆపండి.

ప్రార్థన చేసుకుందాము. పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ రాత్రి డ్యూటీ ఎక్కబోవు నర్సులను, డాక్టర్లను, వార్డుబాయిలను, ఆయమ్మలను, అంబులెన్సు తోలే సహోదరులను నీ చేతికి అప్పగిస్తున్నాము. ఐసీయూ తలుపు బయట చెప్పులు విడిచి నేల మీద కూర్చున్న కుటుంబముల దగ్గర నీవు కూర్చో ప్రభువా. దెబ్బలు తిని మళ్ళీ అదే వార్డులోకి వెళ్ళవలసిన నీ బిడ్డకు ఈ రాత్రి భయము లేకుండా చేయి. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.